చిన్నపిల్లలకి హీబ్రూ అక్షరాల యాప్‌లు: గాన్ నుంచి కితా అలెఫ్ దాకా వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, యాప్ ఇస్తే చాలు పిల్ల హీబ్రూ చదివేస్తుంది అనుకునేవాళ్ళకి ఈ సమీక్ష నచ్చదు. అక్షరాలు గుర్తుపట్టడం వరకు యాప్‌లు పనికొస్తాయి, ఒకటి రెండు చాలా బాగా పనికొస్తాయి, మిగతావి రంగులు, చప్పట్లు, స్టిక్కర్లు. మేం పెట్టుకున్నవాటిలో ఎక్కువ భాగం తీసేశాం. ఏవి ఎందుకు తీసేశామో, ఏది ఎందుకు ఉంచుకున్నామో కాస్త వివరంగా రాస్తున్నా, ఎందుకంటే నేను వెతికినప్పుడు తెలుగులో దీని గురించి ఒక్క ముక్క దొరకలేదు. ఇంగ్లీషులో దొరికినవన్నీ అమెరికాలో ఉన్న యూదు కుటుంబాలు రాసుకున్నవి, వాళ్ళ అవసరం వేరు, మన అవసరం వేరు.

మేముండేది ఇజ్రాయెల్‌లోని రెహోవోత్ అనే ఊళ్ళో. మా ఆయన వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థలో పోస్ట్‌డాక్, 2022 చివర్లో వచ్చాం, అప్పటికి మా అమ్మాయి కీర్తికి మూడేళ్ళు నిండాయి. ఇజ్రాయెల్‌లో మూడేళ్ళ నుంచే పిల్లల్ని పంపడం నిర్బంధం కాబట్టి రాగానే గాన్‌లో వేశాం. గాన్ అంటే మన అంగన్‌వాడీకి, ఎల్‌కేజీకి మధ్యలో ఉండేది అనుకోండి, పాటలు, ఇసుక, రంగులు, పండగలు. మన దగ్గరలా పలక ఇచ్చి దిద్దించరు. పేర్లు గుర్తుపట్టడం, పదం ఏ అక్షరంతో మొదలవుతుందో చెప్పడం లాంటివి ఆటల్లో చేయిస్తారు, అసలు చదువు మొదలయ్యేది కితా అలెఫ్‌లో, అంటే ఒకటో తరగతిలో. ఇది మంచి పద్ధతే, నాకేం ఫిర్యాదు లేదు. కాకపోతే మిగతా పిల్లల ఇళ్ళల్లో పుస్తకాలు హీబ్రూలో ఉంటాయి, టీవీ హీబ్రూలో ఉంటుంది, పక్కన సవ్తా, అంటే అమ్మమ్మో నాన్నమ్మో, కథ చదివి పెడుతుంది. మా ఇంట్లో హీబ్రూ కనిపించేది కార్న్‌ఫ్లేక్స్ డబ్బా మీద, పాల సంచీ మీద, మునిసిపాలిటీ బిల్లు మీద. అందుకే యాప్‌ల వేట.

మొదట కొన్నది అమెరికాలో తయారైంది. రేటింగ్ బాగుంది, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, ప్రకటనలు లేవు. కీర్తి తెగ ఆడింది. కొన్నాళ్ళకి గనెనెత్ (గాన్ టీచర్ని అలాగే అంటారు) నన్ను ఆపి నవ్వుతూ అడిగింది, మీ అమ్మాయి ఆఖరి అక్షరాన్ని సావ్ అంటోంది, ఎక్కడ నేర్చుకుంది అని. సంగతేంటంటే తూర్పు యూరప్ నుంచి వచ్చిన అష్కెనాజీ యూదుల ప్రార్థనల్లో ఉచ్చారణ వేరుగా ఉంటుంది. ఆఖరి అక్షరం తావ్‌లో చుక్క లేకపోతే వాళ్ళు స అంటారు, కమత్స్ అనే అచ్చు గుర్తుని ఆ అనకుండా ఓ అంటారు, బెత్ అక్షరాన్ని బేస్ అంటారు. అమెరికాలో మతపరమైన బడులకి వెళ్ళే పిల్లల కోసం చేసిన యాప్‌లు కొన్ని ఈ ఉచ్చారణలోనే ఉంటాయి. అది తప్పేం కాదు, వాళ్ళకి అదే కావాలి. ఇక్కడ గాన్‌లో మాత్రం అలా అంటే ఎవరికీ అర్థం కాదు. కొనేముందు ఒక చిన్న పని చేయండి, యాప్ నమూనా వీడియోలో శనివారాన్ని ఏమంటున్నారో వినండి. షబ్బాత్ అంటే ఇజ్రాయెల్ ఉచ్చారణ, షబ్బోస్ అంటే ఆ పాత ఉచ్చారణ. నిమిషంలో తేలిపోతుంది.

అదే యాప్‌లో హనుకా పండగ పేజీలో బొంగరం ఒకటి ఉంది, దాని నాలుగు ముఖాల మీద నూన్, గిమెల్, హే, షిన్. కీర్తి దాన్ని చూసి ఇది తప్పు, మా గాన్ బొంగరం మీద పే ఉంటుంది అంది. రెండూ సరైనవే. ఆ నాలుగూ ఒక హీబ్రూ వాక్యంలోని మాటల మొదటి అక్షరాలు. "గొప్ప అద్భుతం అక్కడ జరిగింది" అని బయటి దేశాల్లో షిన్ పెడతారు, "ఇక్కడ జరిగింది" అని ఇజ్రాయెల్‌లో పే పెడతారు. పిల్లకి మాత్రం యాప్ మీద నమ్మకం ఆ రోజుతో పోయింది, మళ్ళీ దాన్ని తెరవలేదు.

తరవాత ఇక్కడివాళ్ళు చేసిన ఉచిత యాప్‌లకి వచ్చాం. ఉచ్చారణ బంగారం. కానీ అబ్బబ్బా ఆ ప్రకటనలు! అక్షరం నొక్కితే అక్షరం, ఇంకోటి నొక్కితే ప్రకటన, మూలన కనిపించీ కనిపించని గుర్తు నొక్కితే గానీ పోదు, నాలుగేళ్ళ పిల్ల వేలు ఎక్కడ పడుతుందో మనకి తెలుసు కదా, ఏదో ఆటల దుకాణం తెరుచుకుంటుంది. కొన్నింటికి ఫ్లైట్ మోడ్‌లో పెడితే ప్రకటనలు రావు, కొన్ని నెట్ లేకపోతే తెరుచుకోనే తెరుచుకోవు. ఐప్యాడ్ ఉన్నవాళ్ళు సెట్టింగ్స్‌లో గైడెడ్ యాక్సెస్ అని ఉంటుంది, అది వేసి బటన్ మూడుసార్లు నొక్కితే పిల్ల ఆ యాప్ దాటి బయటికి పోలేదు. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ పిన్ చేయడం ఉంది. ఈ రెండూ తెలియకుండా మూడేళ్ళ పిల్ల చేతికి టాబ్లెట్ ఇవ్వకండి, ఏ యాప్ అయినా సరే.

ఇంకో రకం ఉంది, అన్ని భాషలకీ ఒకే మూస పోసి అక్షరాలు మాత్రం మార్చేసే యాప్‌లు. వీటిని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఒకదాంట్లో అక్షరాల రైలు ఉండేది, మొదటి అక్షరం అలెఫ్ ఎడమ చివర ఇంజన్‌లో, మిగతావి దాని వెనక పెట్టెల్లో కుడికి. అంటే అక్షరాల వరస ఎడమ నుంచి కుడికి పోతుంది. హీబ్రూ కుడి నుంచి ఎడమకి కదా, అలెఫ్ కుడి చివర ఉండాలి, ఆ వరసలో చూస్తే మొదటి అక్షరం ఇంజన్‌లో ఉన్నట్టా ఆఖరి అక్షరం ఉన్నట్టా పిల్లకి తెలియదు. తెలుగు, ఇంగ్లీషు ఎడమ నుంచి అలవాటైన మన పిల్లలకి దిశే అసలు పెద్ద పాఠం, దాన్ని పాడుచేసే యాప్‌కి ఎన్ని స్టిక్కర్లు ఉన్నా నేను సున్నా ఇస్తాను. పేజీ తిప్పడానికి వేలు ఎటు జరపాలో కూడా చూడండి. హీబ్రూ పుస్తకం ఎటు తిరుగుతుందో యాప్ పేజీ కూడా అటే తిరగాలి.

ఇక పరీక్షల సంగతి. అన్ని యాప్‌లలోనూ నాలుగు అక్షరాలు చూపించి "లామెద్ ఎక్కడుంది?" లాంటి ఆట ఉంటుంది. పిల్ల టకటకా నొక్కేస్తుంది, బెలూన్లు ఎగురుతాయి, మనం మురిసిపోతాం. లామెద్ పక్కన షిన్, అలెఫ్, పే పెడితే ఎవరైనా చెప్తారు, లామెద్ ఒక్కటే గీత దాటి పైకి పోతుంది. అసలు కష్టం ఎక్కడంటే, దలెత్‌కి రేష్‌కి తేడా మూల దగ్గర చిన్న అంచు. బెత్‌కి కాఫ్‌కి కూడా అంతే. హే, ఖెత్ మధ్య తేడా ఎడమ కాలు పైదాకా తగిలిందా లేదా అన్నది, పక్కన తావ్ ఉండనే ఉంది. వావ్, జాయిన్, పదం చివర వచ్చే నూన్ మూడూ నిలువు కర్రలే. సామెఖ్, చివరి మెమ్ రెండూ మూసుకున్న పెట్టెల్లా ఉంటాయి, ఒకటి గుండ్రం, ఒకటి పలక. ఇరవై రెండు అక్షరాలే కదా, మన యాభై ఆరు ముందు ఇదెంత అనుకుంటాం, పైగా కాఫ్, మెమ్, నూన్, పే, త్సాదిక్ ఈ అయిదూ పదం చివర వస్తే వేరే రూపం. ఈ జంటల్ని పక్కపక్కన పెట్టి అడిగే యాప్ నాకు దొరకలేదు. మార్కులు వందకి వంద వస్తున్నాయి, బస్టాపులో బోర్డు చూపిస్తే దలెత్‌ని రేష్ అంటోంది.

అందుకే చివరికి టైనీట్యాప్ దగ్గర ఆగాం. ఈ సమీక్ష నిజానికి దీని గురించే అనుకోండి. ఇది ఇజ్రాయెల్‌లో 2012లో మొదలైన కంపెనీ, 2022లో హాంగ్‌కాంగ్‌కి చెందిన యానిమోకా బ్రాండ్స్ ఎక్కువ వాటా కొనేసింది. ఇది అక్షరాల యాప్ కాదు, ఆటలు తయారుచేసుకునే యాప్. టీచర్లు, తల్లిదండ్రులు చేసి పెట్టిన ఆటలు బోలెడు ఉంటాయి, హీబ్రూవి కూడా చాలా ఉన్నాయి. ఎవరైనా చేయొచ్చు కాబట్టి కొన్ని అద్భుతం, కొన్ని దండగ, ముందు మీరు ఆడి చూసి తరవాత పిల్లకి ఇవ్వండి. కానీ నేను దీనికి మార్కులు వేసేది సొంతంగా ఆట చేసుకోవడానికి. ఫోటో పెట్టాలి, ఏ భాగం నొక్కితే సరైన జవాబో దాని చుట్టూ వేలితో గీయాలి, ప్రశ్న మన గొంతుతో రికార్డు చేయాలి. అంతే.

నేను చేసిన మొదటి ఆట పాల సంచీ. ఇక్కడ పాలు మన దగ్గరలాగే సంచీల్లో కూడా వస్తాయి, దాని మీద ఖలావ్ అని పెద్ద అక్షరాలు, ఖెత్, లామెద్, బెత్. ఫోటో తీసి "ఖెత్ చూపించు" అని పెట్టా. తరవాత కార్న్‌ఫ్లేక్స్ డబ్బా, మా మెట్ల దగ్గర పేర్ల పలకలు, కూరగాయల కొట్టు బోర్డు. దలెత్, రేష్ మాత్రమే ఉన్న ఆట ఒకటి, ఒక పేజీలో పన్నెండు అక్షరాలు గజిబిజిగా పడేసి దలెత్‌లన్నీ ఏరమని. ఇది కీర్తికి మొదట్లో నచ్చలేదు, బెలూన్లు లేవని అలిగింది. సరైనది నొక్కినప్పుడు వాళ్ళ నాన్న "శభాష్రా బంగారం" అన్నది రికార్డు చేసి పెట్టా, తప్పు నొక్కితే "మళ్ళీ చూడమ్మా". ఆ తప్పు గొంతు వినడానికే కావాలని తప్పులు నొక్కేది కొన్నాళ్ళు. సరే, అదీ ఆటే.

ప్రశ్నలు హీబ్రూలో చెప్పే గొంతు మాత్రం నాది కాదు. మన నోటికి ఆ ఖెత్ గొంతులోంచి గీరుకుంటూ రాదు, రేష్ కూడా మన ర కాదు, గొంతులో వెనకనించి వస్తుంది. పక్క ఫ్లాట్ సవ్తాని అడిగితే సంతోషంగా చెప్పి పెట్టింది, అక్షరానికి ఒక పదం చొప్పున. అలెఫ్‌కి అర్యే, సింహం. గిమెల్‌కి గమాల్, ఒంటె. షిన్‌కి షెమెష్, సూర్యుడు. త్సాదిక్‌కి త్సవ్, తాబేలు. ఈ త్స ధ్వని అమెరికా వాళ్ళకి కష్టమట, మనకి అసలు కష్టమే లేదు, చలి, చాప అనేటప్పుడు మన నోటిలో వచ్చేది అదే. కీర్తికి త్సాదిక్ ఒక్కసారిలో వచ్చేసింది.

దీని లోపం ఏంటంటే మనం కూర్చుని చేయాలి. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, పిల్లని పడుకోబెట్టి, ఆ తరవాత పాల సంచీ ఫోటోల చుట్టూ గీతలు గీయాలంటే ఓపిక కావాలి. డబ్బులు కట్టి తెరిస్తే చాలు అనుకునేవాళ్ళకి ఇది సరిపడదు.

శబ్దాల దగ్గర ఇంకో చిక్కుంది. త ధ్వనికి తెత్, తావ్ రెండున్నాయి. క ధ్వనికి కాఫ్, కూఫ్. ఖ కి ఖెత్ ఉంది, చుక్క లేని కాఫ్ కూడా ఉంది. అలెఫ్, ఆయిన్ రెండూ ఈ రోజుల్లో చాలామంది నోట ఒకేలా పలుకుతాయి. యాప్‌లలో క అంటే కెలెవ్, కుక్క, కాఫ్ అక్షరం అని నేర్పారు. గాన్‌లో తన బ్యాగు తగిలించే కొక్కెం పైన మాత్రం కీర్తి అన్న పేరు కూఫ్‌తో రాసి ఉంది, త కూడా తావ్ కాదు తెత్. బయటి భాషల పేర్లు రాసేటప్పుడు క కి కూఫ్, త కి తెత్ వాడడం ఇక్కడి రివాజు. మన పేర్లున్న పిల్లలు ఉన్నవాళ్ళు యాప్ వరసని పక్కనపెట్టి ముందు పిల్ల పేరులో అక్షరాలు నేర్పండి, రోజూ కళ్ళముందు ఉండేవి అవే. అలాగే అలెఫ్ నుంచి వావ్ దాకా ఆరు అక్షరాలు మాకు ఏ యాపూ నేర్పలేదు, గాన్ గోడమీద క్యాలెండర్ నేర్పింది. ఆదివారం యోమ్ అలెఫ్, సోమవారం యోమ్ బెత్, అలా శుక్రవారం యోమ్ వావ్ దాకా.

నికూద్, అంటే అచ్చుల గుర్తుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఇక్కడ తెలుగు పిల్లలకి నిజంగా లాభం ఉంది. హీబ్రూలో అక్షరాలన్నీ హల్లుల లెక్క, అచ్చులు చుక్కలూ గీతలుగా కింద పెడతారు, ఒకటి రెండు పైనా పక్కనా. చిన్నపిల్లల పుస్తకాల్లో ఇవి ఉంటాయి, పేపర్లో, బస్సు బోర్డుల మీద ఉండవు. చాలా యాప్‌లు అక్షరాల పేర్లతో ఆగిపోతాయి, నికూద్ జోలికి పోవు, పోయినా చివర్లో డబ్బు కట్టే భాగంలో దాస్తాయి. మాకు వేసవిలో మా అమ్మ వీడియో కాల్‌లో గుణింతం నేర్పింది, క కా కి కీ. ఆ తరవాత నికూద్ చూపిస్తే కీర్తి "ఓ ఇది హీబ్రూ గుణింతమా" అంది. గుడి ఉన్నచోట కింద ఒక చుక్క, అది హిరిక్. కొమ్ము ఉన్నచోట ఏటవాలుగా మూడు చుక్కలు. నిలువుగా రెండు చుక్కలుంటే మన పొల్లులా అచ్చు లేనట్టు, కొన్నిచోట్ల మాత్రం చిన్నగా ఎ పలుకుతుంది. ఇంకో సందేహం కూడా వచ్చింది, కమత్స్, పతాఖ్ అనే గుర్తులు రెండూ ఆ అంటున్నాయి కదా, ఏది దీర్ఘం అని. ఇప్పటి హీబ్రూ మాటల్లో ఆ తేడా లేదు. ఏ యాప్‌లోనూ ఈ ప్రశ్నకి జవాబు ఉండదు, ఎందుకంటే ఆ ప్రశ్న మన పిల్లలకే వస్తుంది. కాబట్టి ఇంట్లో తెలుగు ఆపేసి హీబ్రూ మీద పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, గుణింతం వచ్చిన పిల్లకి నికూద్ సగం వచ్చినట్టే.

రాయడం దగ్గర మాత్రం యాప్‌లన్నీ చేతులెత్తేస్తాయి. వేలితో అక్షరం మీద దిద్దే ఆటలు చాలా ఉన్నాయి, బాణం గుర్తు చూపిస్తుంది, గీత దాటితే బర్రుమంటుంది. వేలితో దిద్దిన పిల్లకి పెన్సిల్ పట్టు రాదు, అది ఒకటి. రెండోది, అవన్నీ పుస్తకాల్లో ప్రింటయ్యే అచ్చు అక్షరాలు, ఇక్కడ ద్ఫూస్ అంటారు. ఇజ్రాయెల్‌లో చేత్తో రాసేది క్తవ్ అనే వేరే లిపి, గుండ్రంగా ఉంటుంది, కొన్ని అక్షరాలకి అచ్చు రూపంతో పోలికే ఉండదు. కితా అలెఫ్‌లో ముందు అచ్చు అక్షరాలతో చదివించి తరవాత రాతకి క్తవ్ నేర్పించారు. అచ్చు అలెఫ్‌ని యాప్‌లో మూడు గీతల్లో అందంగా దిద్దిన మా పిల్ల క్తవ్ అలెఫ్ చూసి ఇది కె కదా అంది, ఇంగ్లీషు అక్షరం అనుకుని. దిద్దే ఆటల కోసం డబ్బులు పెట్టొద్దు. స్టేషనరీ కొట్టులో కితా అలెఫ్ పిల్లల గీతల పుస్తకం కొనుక్కోండి, చవక.

నెట్ లేకుండా పనిచేస్తుందా అన్నది ఇండియాలో ఉన్నవాళ్ళకి చిన్న విషయంలా అనిపించొచ్చు. 2025 జూన్‌లో ఇరాన్‌తో యుద్ధం జరిగిన ఆ పన్నెండు రోజులు గాన్‌లు, బడులు అన్నీ మూసేశారు, సైరన్ మోగితే మమాద్ అనే కాంక్రీటు గదిలోకి. మా మమాద్‌లో సిగ్నల్ సరిగా రాదు. అప్పుడు ముందే దించుకున్న ఆటలు మాత్రమే పనికొచ్చాయి. టెన్షన్‌లో ఉన్న పిల్ల చేతిలో తిరుగుతూ ఉండిపోయే యాప్ పెడితే ఇంకా ఏడుపు. కొత్త యాప్ పెట్టగానే ఒకసారి వైఫై ఆపి చూడడం నాకు అప్పటినుంచి అలవాటు.

డుయోలింగో అడుగుతారని తెలుసు. 2016 నుంచి అందులో హీబ్రూ ఉంది, అది నేను వాడాను, నా కోసం. అది పెద్దవాళ్ళకి, చదవడం వచ్చినవాళ్ళకి. నాలుగేళ్ళ పిల్లకి కాదు. గస్ ఆన్ ద గో అని గుడ్లగూబ బొమ్మతో పిల్లల యాప్ ఒకటుంది, హీబ్రూ కూడా ఉంది, అది పదాలు నేర్పుతుంది, అక్షరాలు కాదు. దేశానికి కొత్తగా వచ్చిన మొదటి రోజుల్లో జంతువులు, రంగుల పేర్లకి బాగుంటుంది.

ఇండియాలో ఉండి బైబిల్ కోసం పిల్లలకి హీబ్రూ అక్షరాలు నేర్పాలనుకునే తెలుగువాళ్ళు కూడా ఉన్నారు, నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. తెల్ అవీవ్‌లో ఒక పెద్దావిడని చూసుకునే పని చేస్తున్న పాలకొల్లు అక్క ఒకరు మా ఇంటికొస్తారు, కీర్తి అక్షరాలు చదువుతుంటే విని "అమ్మాయ్, ఇవన్నీ మా బైబిల్లో ఉన్నాయే" అన్నారు. నిజమే, తెలుగు బైబిల్‌లో 119వ కీర్తన మీద ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్ అని శీర్షికలు ఉంటాయి, 22 అక్షరాలకి ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. ఆవిడకి వరస మొత్తం కంఠతా వచ్చు, రూపం మాత్రం ఒక్కటీ తెలియదు. అలాంటి ఇళ్ళకి నా సలహా వేరు, మీకు క్తవ్ అక్కర్లేదు, అచ్చు అక్షరాలూ నికూదూ చాలు, కాబట్టి నేను పైన తిట్టిన దిద్దే యాప్‌లు కూడా మీకు బాగానే సరిపోవచ్చు. ఉచ్చారణ ఏదో ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండండి, రెండు యాప్‌లలో రెండు రకాలు వినిపిస్తే పిల్ల గందరగోళపడుతుంది.

ఇప్పుడు కీర్తి కితా అలెఫ్. టీచర్ ఇచ్చే పుస్తకంలో అక్షరాలు అలెఫ్ బెత్ వరసలో రాలేదు, యాప్‌లో వరస బట్టీపట్టిన పిల్లలకి అదేం ప్రత్యేక లాభం కాలేదు. తనకి పనికొచ్చింది దలెత్, రేష్ తేడా, నికూద్. మిగతాది బడి చూసుకుంటోంది. టాబ్లెట్‌లో ఇప్పుడు టైనీట్యాప్ ఒక్కటే ఉంచాం, అదీ క్తవ్ అక్షరాలు ఫోటో తీసి అచ్చు అక్షరాలతో జతచేసే ఆటల కోసం. నా లెక్కన దానికి అయిదుకి నాలుగు, ఆ ఒక్కటి తగ్గించింది నా నిద్ర పాడైనందుకు. ఇక్కడి ఉచిత యాప్‌లకి ప్రకటనలు ఆపగలిగితే మూడు. మూస యాప్‌లకి ఏమీ లేదు.

చివరగా డబ్బుల సంగతి. వీటిలో చాలావాటికి కొన్ని రోజులు ఉచితం అని కార్డు వివరాలు తీసుకుని తరవాత నెలనెలా చందా లాగుతారు. యాప్ తీసేస్తే చందా ఆగదు, అది వేరే. ఐప్యాడ్ అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు మీద నొక్కి సబ్‌స్క్రిప్షన్స్‌లోకి, ఆండ్రాయిడ్ అయితే ప్లే స్టోర్‌లో పేమెంట్స్ కింద సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్ళి రద్దు చేయాలి. ఉచిత గడువు అయ్యేదాకా ఆగకుండా పెట్టుకున్న రోజే రద్దు చేసేయండి, మామూలుగా అయితే గడువు ముగిసేదాకా యాప్ పనిచేస్తూనే ఉంటుంది.